వరి విత్తనాల సైట్‌కి ఫ్లోటా, ఫ్లెక్సా, గ్రిడ్డా: ఐదు వారాంతాల ప్రాజెక్టు డైరీ

కృష్ణా డెల్టాలో దేశవాళీ వరి రకాలను కాపాడుకుంటున్న కొందరు రైతులు తమ దగ్గరున్న విత్తనాల వివరాలను ఒక చిన్న సైట్‌లో పెట్టుకున్నారు. మా బాబాయ్ వాళ్ళలో ఒకరు. మొత్తం 86 రకాలు. ఒక్కో రకానికి ఒక కార్డు. అందులో ఫోటో, పేరు, ఎన్ని రోజుల పంట, బియ్యం రంగు, ఏ నేలకు నప్పుతుంది, విత్తనం ఏ ఊళ్ళో దొరుకుతుంది, కింద ‘విత్తనం కావాలి’ అనే బటన్. 2014లో ఒకరు డబ్బు తీసుకోకుండా కట్టిచ్చిన సైట్ అది. 2025 వేసవి నాటికి ఫోన్‌లో తెరిస్తే పేజీ పక్కకు జారిపోతుండేది. 2025లో ఏరువాక పున్నమి జూన్ 11న వచ్చింది. విత్తనాల కోసం వెతుకులాట అప్పటికే మొదలవుతుంది కాబట్టి ఆ లోపే బాగుచేయాలనుకున్నాను.

ఫ్లోట్, ఫ్లెక్స్, గ్రిడ్ అనేవి పేజీలో వస్తువులను అమర్చే లేఅవుట్ పద్ధతులు. వాటిలో ఏది నా కార్డుల దగ్గర నిలబడింది, ఏది ఎక్కడ కూలింది అన్నది కొలతలతో సహా కింద ఉంది. కోడ్ ముక్కలను పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాను. ఎడిటర్‌లో మామూలుగానే టైప్ చేసుకోండి.

వాడిన సామాను: లాప్‌టాప్, ఫైర్‌ఫాక్స్ (లేఅవుట్ గీతలను పేజీ మీద గీసి చూపే దాని గ్రిడ్ ఇన్‌స్పెక్టర్ కోసం), క్రోమ్, మూడు ఆండ్రాయిడ్ ఫోన్లు. వాటిలో ఒకటి బాబాయ్‌ది, ఆండ్రాయిడ్ 6.

దశ 1: ముందు కొలతలు (మే 10, శనివారం)

ఏ పద్ధతి వాడాలో తేల్చుకునే ముందు కార్డుల్లో ఏముందో కొలిచాను. ఈ పనికి 4 గంటలు పట్టింది. తర్వాత రోజుల్లో పడే తిప్పలన్నీ ఈ కొలతల్లోనే కనిపించాయి కాబట్టి దీన్ని వదలొద్దు.

1. అన్ని కార్డుల్లో అతి పొడవైన పదం వెతికాను: ‘పండించుకోవాలనుకునేవారికి’. 12 అక్షరాలు. 18 పిక్సెళ్ళ సైజులో దాని వెడల్పు 204 పిక్సెళ్ళు.
2. అతి చిన్న వివరం 9 పదాలు, అతి పెద్దది 64 పదాలు.
3. ఫోటోలు 86. నిలువుగా తీసినవి 51, అడ్డంగా తీసినవి 35.
4. ఏప్రిల్‌లో సైట్‌కు వచ్చిన 412 సందర్శనల్లో 371 ఫోన్ల నుంచే. ఎక్కువ ఫోన్ల స్క్రీన్ వెడల్పు 360 పిక్సెళ్ళు.
5. 360లో కార్డులను రెండు నిలువు వరసల్లో పెడితే ఎంత మిగులుతుంది? పక్కల 16 చొప్పున, మధ్యలో 12 తీసేస్తే ఒక్కో కార్డుకు 158. కార్డు లోపలి ఖాళీ 12 చొప్పున తీస్తే 134. పైన చెప్పిన పదం 204. అంటే ఫోన్‌లో రెండు నిలువు వరసలు కుదరవు, ఒకటే.

అదే వాక్యాన్ని మూడు చోట్ల తెరిచి చూస్తే ఎత్తు మూడు రకాలుగా వచ్చింది. కారణం ఫాంటు. ఆండ్రాయిడ్‌లో తెలుగుకు నోటో, విండోస్‌లో నిర్మల, ఆపిల్ వాటిలో మరోటి వస్తాయి. ఒకే సైజు పెట్టినా అక్షరాల వెడల్పు, వత్తుల లోతు వేరువేరు. డిజైన్ బొమ్మలో ‘కార్డు ఎత్తు 420’ అని గీసుకుంటే అది ఆ ఒక్క కంప్యూటర్‌కే నిజం.

లోపాల చిట్టా రాసుకున్నాను: 9.

ఇప్పటిదాకా: 4 గంటలు. లేఅవుట్‌కు సంబంధించిన సీఎస్ఎస్ (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) 212 లైన్లు. మిగిలిన లోపాలు 9.

దశ 2: ఉన్న ఫ్లోట్‌కే మరమ్మతు (మే 11, ఆదివారం)

సమయం తక్కువ. అందుకని ఉన్నదాన్ని పడగొట్టకుండా సరిచేయగలనేమో ముందు చూశాను. పాత సైట్ అంతా ఫ్లోట్ మీద ఉంది. ఫ్లోట్ 1996 డిసెంబరులో వచ్చిన మొదటి సీఎస్ఎస్‌లోనే ఉంది. బొమ్మను ఒక పక్కకు పెట్టి దాని చుట్టూ అక్షరాలు పారడానికి ఇచ్చిన సదుపాయం అది. వరసలు కట్టడానికి వేరే దారి లేక దాన్నే ఏళ్ళ తరబడి వాడుకున్నాం.

మొదటి లోపం తేలిగ్గా పోయింది. లాప్‌టాప్‌లో మూడు కార్డులు పక్కపక్కన ఉండాల్సింది, మూడోది కిందికి పడుతోంది. వెడల్పు 33.33 శాతం, దానికి ప్యాడింగ్ (కార్డు లోపలి ఖాళీ), బోర్డర్ (అంచు గీత) అదనం. మొత్తం నూరు దాటింది. వాటిని కూడా వెడల్పులోనే కలిపి లెక్కించే ‘బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్’ పెడితే సరిపోయింది.

రెండోది మొండిది. 64 పదాల కార్డు పక్కన 9 పదాల కార్డు వచ్చినప్పుడు, కింది వరస మొదటి కార్డు ఆ పొడుగు కార్డుకు తట్టుకుని ఆగిపోతుంది. ఎడమ పక్కంతా బోసిగా ఉంటుంది. పాత డిజైనర్ దీనికి చేసిన ఉపాయం కార్డుకు 420 ఎత్తు కట్టేయడం, దాటింది కనిపించకుండా ‘ఓవర్‌ఫ్లో: హిడెన్’ పెట్టడం. పేరు కూడా ఒకే లైన్‌లో ఉండేలా లైన్-హైట్ (లైన్ ఎత్తు అక్షరాల సైజుకు ఎన్నింతలో చెప్పే అంకె) 1.2, దానికీ హిడెన్. దాంతో ఏమైందో బాబాయ్ ఫోన్ చేసినప్పుడు తెలిసింది.

“ఒరేయ్, మన సిద్ధ సన్నాలు ఇందులో సిద సనాలు అని ఉందేంట్రా? ఎవరైనా చూస్తే ఇదేదో వేరే రకం అనుకోరూ?”

“ఒక్కసారి స్క్రీన్ ఫోటో తీసి పంపండి బాబాయ్.”

ఫోటోలో నిజంగానే ధ వత్తు, న వత్తు సగానికి పైగా కోసుకుపోయాయి. ఇంగ్లీషు అక్షరాలకు కిందికి దిగే తోక చిన్నది కాబట్టి 1.2లో ఇబ్బంది ఉండదు. మన వత్తులు ఇంకా లోతుగా దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యేష్ఠం’, ‘సిద్ధ’ ఈ నాలుగింటినీ పరీక్ష పదాలుగా పెట్టుకుని కొలిచాను:

- 1.2: నాలుగూ తెగాయి.
- 1.4: ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ తెగాయి.
- 1.6: నోటోలో ఏదీ తెగలేదు, పై లైన్ వత్తు కింది లైన్ గుడికి దాదాపు తగులుతోంది.
- 1.7: బాగుంది. ఇదే ఖాయం చేశాను.

ఎత్తు కట్టేయడం కూడా తీసేశాను. దాంతో కార్డులు తట్టుకునే లోపం తిరిగొచ్చింది. ప్రతి వరస మొదటి కార్డుకు ‘ఎన్త్-చైల్డ్’తో (కార్డులను క్రమసంఖ్యను బట్టి ఎంచుకునే తీరు) ‘క్లియర్: లెఫ్ట్’ (పైవాటికి తట్టుకోకుండా వాటి కింద మొదలవ్వమని చెప్పేది) ఇచ్చాను. పూర్తి జాబితాలో చక్కగా కుదిరింది. పేజీ పైన ‘ఎర్ర బియ్యం’ అని ఫిల్టర్ నొక్కగానే మళ్ళీ గుంతలు పడ్డాయి. దాచిన కార్డులు కూడా ఎన్త్-చైల్డ్ లెక్కలో ఉంటాయి మరి. కంటికి కనిపించే నాలుగో కార్డు కోడ్ లెక్కలో పదిహేడోది. దీన్ని జావాస్క్రిప్ట్‌తో సర్దవచ్చు, కానీ వరసలు సర్దడానికి స్క్రిప్ట్ రాయాల్సి వస్తోందంటే పద్ధతే తప్పు. ఇక్కడ ఆపేశాను.

ఇప్పటిదాకా: 10 గంటలు. లైన్లు 238. లోపాలు 9లో 4 పోయాయి, కొత్తవి 2 వచ్చాయి. మిగిలినవి 7.

దశ 3: ఫ్లెక్స్‌బాక్స్ (మే 17, 18)

ఫ్లెక్స్‌బాక్స్ అంటే ఒక పెట్టెలోని వస్తువులను వరసగా పేర్చి, ఉన్న చోటును వాటికి పంచే పద్ధతి. మార్చింది: కార్డుల పెట్టెకు ‘డిస్‌ప్లే: ఫ్లెక్స్’, ‘ఫ్లెక్స్-రాప్: రాప్’. ప్రతి కార్డుకు ‘ఫ్లెక్స్: 1 1 280 పిక్సెల్’ (280తో మొదలై చోటును బట్టి పెరగొచ్చు, తగ్గొచ్చు). మధ్య ఖాళీకి ‘గ్యాప్’.

గ్యాప్ గురించి ఒక మాట. ఫ్లెక్స్‌లో ఇది ఆపిల్ బ్రౌజర్ సఫారీకి 2021 ఏప్రిల్‌లో 14.1తో గానీ రాలేదు. అంతకు ముందు రాసిన పాఠాల్లో కార్డులకు మార్జిన్ (బయటి ఖాళీ), బయటి పెట్టెకు నెగటివ్ మార్జిన్ పెట్టే పద్ధతి కనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని కాపీ చేయక్కర్లేదు. నా దగ్గర అది ఒక్కటే 22 లైన్లు మింగింది, అన్నీ కొట్టేశాను.

బాగున్నవి వెంటనే కనిపించాయి. ఒక వరసలోని కార్డులన్నీ వాటంతటవే సమానమైన ఎత్తుకు వచ్చాయి. కార్డునూ నిలువు ఫ్లెక్స్ చేసి బటన్‌కు ‘మార్జిన్-టాప్: ఆటో’ ఇస్తే బటన్లన్నీ కిందికి చేరి ఒకే గీత మీద నిలబడ్డాయి. ఫిల్టర్ నొక్కినా గుంతలు లేవు. శనివారం రాత్రి పని అయిపోయిందనే అనుకున్నాను.

ఆదివారం వదినకు చూపించాను. సైట్‌లో వివరాలు ఎక్కించేది తనే. ఆమె ‘ఎర్ర బియ్యం’ నొక్కింది. 7 రకాలు వచ్చాయి. మూడు, మూడు, చివర ఒకటి. ఆ ఒక్కటీ స్క్రీన్ వెడల్పంతా పరుచుకుంది, దాని ఫోటో తక్కినవాటికి మూడింతలు. ఆమె మొదటి ప్రశ్న: “ఈ రకానికి ఏమైనా ప్రత్యేకత ఉందా? దీన్నే పెద్దగా పెట్టారెందుకు?” లేదు. అక్షరక్రమంలో చివర వచ్చింది, అంతే. పూర్తి జాబితాలో 86ను మూడుతో భాగిస్తే 28 వరసలు పోను 2 మిగులుతాయి. అవీ సగం సగం పరుచుకున్నాయి. విత్తనాల జాబితాలో ఒక రకాన్ని అకారణంగా పెద్దగా చూపించడం తప్పుడు సమాచారం ఇవ్వడమే.

ప్రయత్నించినవి:

1. పెరగడం ఆపడం, అంటే ‘ఫ్లెక్స్-గ్రో: 0’. చివరి కార్డు సైజు సరిపోయింది గానీ ప్రతి వరసకూ కుడి పక్కన 20 నుంచి 270 పిక్సెళ్ళ దాకా ఖాళీ.
2. చివర ఎత్తులేని ఖాళీ డివ్‌లు (పేజీలోని పెట్టెలు) నాలుగు పెట్టడం. కంటికి కుదిరింది. కానీ కంటెంట్ లేని డివ్‌లను కేవలం నింపడానికి పేజీలో మోయాలి, నిలువు వరసల సంఖ్య మారితే అవి ఎన్ని కావాలో మళ్ళీ లెక్క వేయాలి. తీసేశాను.
3. వెడల్పును శాతాల్లో లెక్కకట్టి మీడియా క్వెరీలు (స్క్రీన్ వెడల్పు, ప్రింటు లాంటివాటిని బట్టి వర్తించే నియమాలు) రాయడం. అంటే ఫ్లోట్ రోజుల పనే మళ్ళీ. వద్దు.

ఇంకో లోపం ఇక్కడ మొదటిసారి బయటపడింది. కార్డులో పేరు ఒక పక్క, రోజుల సంఖ్య ఒక పక్క ఉండే చిన్న వరస ఉంది. పేరు పొడవైతే రోజుల సంఖ్య కార్డు బయటికి పోతోంది. ఫ్లెక్స్ పెట్టెలోని వస్తువులకు కనీస వెడల్పు మామూలుగా ‘ఆటో’. లోపలి అతి పొడవైన పదం కంటే అవి చిన్నవి కావడానికి ఒప్పుకోవు. పేరుకు ‘మిన్-విడ్త్: 0’ ఇచ్చి, ‘ఓవర్‌ఫ్లో-రాప్: ఎనీవేర్’ చేర్చాను. ఇక్కడ ‘బ్రేక్-వర్డ్’ అనే విలువ కూడా ఉంది, రెండూ ఒకటే అనిపిస్తాయి. ఎనీవేర్ పెడితే కనీస వెడల్పు లెక్కలోనే పదం విరుగుతుంది. బ్రేక్-వర్డ్‌తో ఆ లెక్క మారదు, కాబట్టి మిన్-విడ్త్ మర్చిపోతే లోపం అలాగే ఉంటుంది.

అయితే ఎనీవేర్ పదాన్ని ఎక్కడ పడితే అక్కడ విరుస్తుంది. ‘పండించుకోవాలనుకునేవా’ ఒక లైన్, ‘రికి’ ఒక లైన్ అంటే చదివేవాళ్ళకు చిరాకు. అందుకే దాన్ని ఆఖరి రక్షణగా మాత్రమే ఉంచి, మరీ పొడవైన 14 పదాలను వదినతో కూర్చుని విడదీసి రాశాం: ‘పండించుకోవాలి అనుకునేవారికి’. ఇంకో మూడింట్లో సాఫ్ట్ హైఫన్ పెట్టాం. అవసరమైతేనే అది అక్కడ విరుగుతుంది, లేకపోతే కనిపించదు.

ఇప్పటిదాకా: 17 గంటలు. లైన్లు 96. లోపాలు 7లో 4 పోయాయి, కొత్తవి 2. మిగిలినవి 5.

దశ 4: కాలమ్స్ (మే 24, శనివారం)

న్యూస్‌పేపర్ తరహా ‘కాలమ్స్’ పద్ధతిని గంటన్నర చూశాను. ఎత్తులు ఎగుడుదిగుడుగా ఉన్నా కార్డులు ఒకదాని కింద ఒకటి ఇమిడిపోతాయి. ‘బ్రేక్-ఇన్‌సైడ్: అవాయిడ్’ ఇస్తే కార్డు మధ్యలో విరగదు. చూడ్డానికి ముచ్చటగా ఉంది కూడా.

వరస మాత్రం పైనుంచి కిందికి పోతుంది. లాప్‌టాప్‌లో ‘బ’తో మొదలయ్యే రకం కోసం ఎడమ కాలమ్ చివరిదాకా స్క్రోల్ చేసి మళ్ళీ పైకి రావాలి. ఒక కాలమ్ అంటే దాదాపు 29 కార్డులు. అక్షరక్రమంలో వెతికేవాళ్ళకు ఇది పనికిరాదు. కార్డులకు వద్దనుకున్నాను. పేజీ అడుగున ఉన్న 31 ఊళ్ళ పేర్ల పట్టికకు మాత్రం ఇదే సరైనది. చిన్న పేర్లు, ఒకే చూపులో కనిపిస్తాయి, పైనుంచి కిందికి చదవడమే అక్కడ సహజం. అక్కడ 3 లైన్లతో ఉంచేశాను.

ఇప్పటిదాకా: 18.5 గంటలు. లైన్లు 99. లోపాలు 5.

దశ 5: గ్రిడ్ (మే 25, ఆదివారం)

అడ్డం, నిలువు గీతల మధ్య గడుల్లో వస్తువులను పెట్టే గ్రిడ్ 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ 52, క్రోమ్ 57, సఫారీ 10.1 మూడింటిలోనూ ఒకే నెలలో వచ్చింది. కాబట్టి ఆండ్రాయిడ్ 6 ఫోన్‌కు కూడా ఇబ్బంది లేదు. బూట్‌స్ట్రాప్ వాడమని ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. అది ముందే రాసిపెట్టిన సీఎస్ఎస్, 12 నిలువు వరసల చట్రం. ప్రతి డివ్‌కు ఏ స్క్రీన్‌లో ఎన్ని నిలువు వరసలో క్లాసుల్లో (డివ్‌కు తగిలించే పేర్లు) రాయాలి. వదిన కొత్త రకం ఎక్కించినప్పుడల్లా ఆ క్లాసులు ఆమె గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది. మా పనికి వద్దనిపించింది.

మొదట రాసింది: ‘గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్: రిపీట్(ఆటో-ఫిట్, మిన్‌మాక్స్(300 పిక్సెల్, 1 ఎఫ్ఆర్))’. అంటే చోటును బట్టి ఎన్ని నిలువు వరసలు పడితే అన్ని, ఒక్కోటి కనీసం 300, మిగిలిన చోటులో ఒక్కోదానికి ఒక వాటా (ఎఫ్ఆర్).

తప్పు ఒకటి. లాప్‌టాప్‌లో 1280 వెడల్పు దగ్గర 400 శాతం జూమ్ చేస్తే పేజీకి మిగిలేది 320. చూపు తక్కువ ఉన్నవాళ్ళు ఇలాగే చదువుతారు, వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు కూడా 320 దగ్గర పక్కకు స్క్రోల్ రాకూడదంటాయి. 320లో పక్కల 16 చొప్పున పోతే 288. నేను కనీసం 300 అన్నాను. 12 పిక్సెళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. సరిచేసింది: 300 బదులు ‘మిన్(100 శాతం, 18 రెమ్)’. చోటు ఉంటే 18 రెమ్ (రెమ్ అంటే పేజీ మూల అక్షరాల సైజు), లేకపోతే ఉన్నంత. మీడియా క్వెరీ ఒక్కటి కూడా అక్కర్లేకుండా పోయింది.

తప్పు రెండు. ‘60 రోజుల్లోపు’ అని ఫిల్టర్ చేస్తే 2 కార్డులు మిగిలాయి. ఆటో-ఫిట్ ఖాళీ నిలువు వరసలను మూసేస్తుంది కాబట్టి ఆ రెండూ చెరి సగం పరుచుకున్నాయి. వదిన అడిగిన ప్రశ్న మళ్ళీ వస్తుంది. ‘ఆటో-ఫిల్’ పెట్టాను. అది ఖాళీ నిలువు వరసలను అలాగే ఉంచుతుంది, ఒక్క కార్డు మిగిలినా దాని సైజు మారదు.

తప్పు మూడు నేను కోరి తెచ్చుకున్నది. ఈ ఏడాది విత్తనం ఎక్కువగా ఉన్న రకాలను రెండు నిలువు వరసల వెడల్పులో చూపిద్దామని ‘స్పాన్ 2’ ఇచ్చి, మధ్యలో పడే ఖాళీలు నిండడానికి ‘డెన్స్’ పెట్టాను. ఖాళీలు నిండాయి, కానీ ‘క’ రకాలు ‘గ’ తర్వాత వచ్చాయి. టాబ్ కీ నొక్కుతూ పోతే, ఎక్కడున్నామో చూపే వెలుగు కింది నుంచి పైకి, మళ్ళీ కిందికి గెంతింది. కంటికి కనిపించే వరస, కోడ్‌లోని వరస ఒకటి కాకపోతే కీబోర్డు, స్క్రీన్ రీడర్ (పేజీని చదివి వినిపించే సాధనం) వాడేవాళ్ళు తప్పిపోతారు. రెండూ తీసేసి, ఆ కార్డుల మీద ‘విత్తనం బాగా ఉంది’ అని చిన్న పట్టీ పెట్టాను.

ఫోటోల సంగతి కూడా ఇదే రోజు చూశాను. అన్నిటికీ ‘ఆస్పెక్ట్-రేషియో: 4 / 3’, ‘ఆబ్జెక్ట్-ఫిట్: కవర్’ (చోటు నిండేలా ఫోటో అంచులు కోసేది) ఇస్తే కార్డులన్నీ ఒకే తీరుగా కుదిరాయి. బాబాయ్‌కి పంపితే ఒప్పుకోలేదు. నిలువు ఫోటోల్లో వెన్ను పైభాగం తెగిపోయింది. కొన్ని రకాలను గుర్తుపట్టేది గింజ కొసన ఉండే ముల్లును బట్టే. అది లేకపోతే ఫోటో ఉండీ లాభం లేదన్నారు. ‘కవర్’ తీసి, ఫోటో మొత్తం కనిపించే ‘కంటెయిన్’ పెట్టి, మిగిలే ఖాళీకి లేత గడ్డి రంగు వేశాను. నిలువు ఫోటోల పక్కన పట్టీలు కనిపిస్తాయి, అయినా ఇదే ఉంచుతున్నాను.

ప్రతి ఇమేజ్ ట్యాగ్‌లో వెడల్పు, ఎత్తు రాయడంతో ఫోటోలు దిగుతున్నప్పుడు పేజీ కుదుపు తగ్గింది. గూగుల్ పరీక్ష సాధనం లైట్‌హౌస్‌లో ఆ కుదుపు అంకె 0.31 నుంచి 0.04కి వచ్చింది. 0.1 లోపు ఉంటే మంచిదని గూగుల్ కొలమానం.

ఇప్పటిదాకా: 24.5 గంటలు. లైన్లు 41. లోపాలు 5లో 4 పోయాయి, కొత్తవి 2. మిగిలినవి 3.

దశ 6: కార్డు లోపలి గీతలు, సబ్‌గ్రిడ్ (మే 31, శనివారం)

గ్రిడ్ కూడా వరసలోని కార్డులను సమానం చేస్తుంది. కానీ ఒక పేరు ఒక లైన్‌లో, పక్కదాని పేరు రెండు లైన్లలో ఉంటే ‘ఎన్ని రోజులు’ అన్న గడి ఒకచోట పైన, ఒకచోట కింద ఉంటుంది. రైతులు రకాలను పోల్చేదే ఆ అంకెతో. అడ్డంగా చూపు పరిగెత్తాలంటే అవి ఒకే గీత మీద ఉండాలి. బయటి గ్రిడ్ గీతలనే కార్డు లోపల కూడా వాడుకోనిచ్చేది సబ్‌గ్రిడ్.

1. కార్డుకు ‘గ్రిడ్-రో: స్పాన్ 4’ (ఫోటో, పేరు, వివరాలు, బటన్).
2. కార్డుకు ‘డిస్‌ప్లే: గ్రిడ్’, ‘గ్రిడ్-టెంప్లేట్-రోస్: సబ్‌గ్రిడ్’.
3. చూశాను: కార్డు లోపలి భాగాల మధ్య 24 పిక్సెళ్ళ ఖాళీలు. బయటి గ్రిడ్ గ్యాప్ లోపలికి కూడా వచ్చింది.
4. కార్డుకు విడిగా ‘రో-గ్యాప్: 6 పిక్సెల్’. సరిపోయింది.

సబ్‌గ్రిడ్ ఫైర్‌ఫాక్స్‌కు 2019 డిసెంబరులో (71), సఫారీకి 2022 సెప్టెంబరులో (16), క్రోమ్‌కు 2023 సెప్టెంబరులో (117) వచ్చింది. ఆండ్రాయిడ్ 6లో క్రోమ్ 106 దగ్గరే ఆగిపోయింది, బాబాయ్ ఫోన్‌లో ఇది పనిచేయదు. అందుకే ఫ్లెక్స్ దశలో రాసిన నిలువు ఫ్లెక్స్‌నే కార్డుకు అసలు పద్ధతిగా ఉంచి, సబ్‌గ్రిడ్‌ను ‘సపోర్ట్స్’ నియమం (బ్రౌజర్‌కు ఆ సదుపాయం ఉంటేనే వర్తించేది) లోపల పెట్టాను. ఫోన్‌లో ఎలాగూ ఒకే నిలువు వరస కాబట్టి అక్కడ పోల్చడానికి పక్కన కార్డే లేదు.

ఇప్పటిదాకా: 27.5 గంటలు. లైన్లు 55. లోపాలు 2.

దశ 7: పేజీ చట్రం, పోలిక పట్టిక (జూన్ 1, ఆదివారం)

పైన పేరు, మెనూ ఉన్న పట్టీకి ఫ్లెక్స్. ఒకే వరస, లోపలి వస్తువులు తమకు కావలసినంత చోటు తీసుకోవాలి. మొత్తం పేజీకి గ్రిడ్: ఎడమ ఫిల్టర్లు, కుడి కార్డులు.

పోలిక పేజీలో 8 నిలువు గడుల పట్టిక ఉంది. దీన్ని కూడా గ్రిడ్‌తో కడదామా అనుకుని వద్దనుకున్నాను. ఇది నిజంగానే పట్టిక, హెచ్‌టీఎంఎల్ టేబులే దీనికి సరైనది. స్క్రీన్ రీడర్ ‘రోజులు, 150’ అని శీర్షికతో కలిపి చదవడం టేబుల్ అయితే తేలిక. ఒకప్పుడు పేజీ మొత్తాన్ని టేబుళ్ళతో కట్టేవారు, దాన్ని వద్దన్నారు గానీ పట్టికలను వద్దనలేదు.

పట్టిక పెట్టగానే కుడి భాగం 1,010 పిక్సెళ్ళకు సాగి పేజీ మొత్తం పక్కకు జారింది. ఫైర్‌ఫాక్స్ గ్రిడ్ ఇన్‌స్పెక్టర్ ఆన్ చేస్తే గీత ఎక్కడికి పోయిందో కనిపించింది. ‘1 ఎఫ్ఆర్’ అంటే లోపలి వస్తువు కనీస వెడల్పు కంటే తగ్గనని అర్థం, ఫ్లెక్స్‌లో చూసిన జబ్బే. ‘మిన్‌మాక్స్(0, 1 ఎఫ్ఆర్)’ అని మార్చి, పట్టిక చుట్టూ ‘ఓవర్‌ఫ్లో-ఎక్స్: ఆటో’ పెట్టె వేశాను. రకం పేరున్న మొదటి గడిని ‘స్టికీ’ చేశాను, పట్టిక జరిపినా పేరు కదలదు.

వ్యాసాల పేజీలో లైన్ పొడవుకు ‘60 సీహెచ్’ పెట్టబోయి ఆగాను. సీహెచ్ అంటే సున్నా అంకె వెడల్పు. ఆ సున్నా ఇంగ్లీషు ఫాంటులోంచి వస్తుంది, మన అక్షరం దానికంటే చాలా వెడల్పు. 36 ఈఎం (అక్షరాల సైజుకు 36 రెట్లు) పెట్టాను.

ఇప్పటిదాకా: 31.5 గంటలు. లైన్లు 74. లోపాలు 1.

దశ 8: పొలం దగ్గర ఫోన్లు (జూన్ 7, శనివారం)

ఊరికి వెళ్ళి ఏడుగురి ఫోన్లలో తెరిపించాను. నలుగురు అక్షరాల సైజు పెంచుకుని ఉన్నారు, ఇద్దరైతే 150 శాతం. అలా పెంచితే అక్షరాలు పెరుగుతాయి, నేను పిక్సెళ్ళలో కట్టిన పెట్టెలు పెరగవు. రెండు చోట్ల దొరికిపోయాను: బటన్ ఎత్తు 44 అని కట్టడం, ఫిల్టర్ల పట్టీ ఎత్తు 56 అని కట్టడం. రెండింటినీ ‘మిన్-హైట్’ చేశాను. ఇప్పుడు బటన్‌లోని మాట రెండు లైన్లకు దిగినా బటన్ కూడా దిగుతుంది.

ఎండలో లేత గడ్డి రంగు తెల్లగానే కనిపించింది, ఫోటో అంచు తెలియలేదు. సన్నటి బోర్డర్ వేశాను.

ఇప్పటిదాకా: 34.5 గంటలు. లైన్లు 72. దొరికిన 3 లోపాలు అక్కడికక్కడే పోయాయి. పాతది 1 మిగిలింది.

దశ 9: ప్రింటు (జూన్ 8, ఆదివారం)

మిగిలిన ఆ ఒక్కటీ ఇదే. ఫోన్ లేనివాళ్ళకు ఇవ్వడానికి కాగితం మీద కావాలని బాబాయ్ మొదటి నుంచీ అడుగుతున్నారు. క్రోమ్‌లో ప్రింటు ప్రివ్యూ తీస్తే 31 పేజీలు, కార్డులు పేజీ చివర సగానికి విరిగి ఫోటో ఒక పేజీలో, పేరు ఇంకో పేజీలో.

1. ప్రింటు కోసం విడిగా నియమాలు. మెనూ, ఫిల్టర్లు, బటన్లు దాచాను.
2. కార్డులకు ‘బ్రేక్-ఇన్‌సైడ్: అవాయిడ్’. సబ్‌గ్రిడ్ కార్డులు అప్పటికీ కొన్నిచోట్ల విరిగాయి.
3. ప్రింటులో గ్రిడ్‌నే వదిలేశాను. జాబితాకు ‘డిస్‌ప్లే: బ్లాక్’. ప్రతి కార్డులో ఫోటోను 3 సెంటీమీటర్ల వెడల్పుతో ఎడమకు ఫ్లోట్ చేసి, వివరాలు దాని పక్కన పారేలా చేశాను. ఫ్లోట్‌ను మొదట ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాను, ఒక్క సర్దుబాటు కూడా అడగలేదు.
4. అక్షరాల సైజు 11 పాయింట్లు, లైన్-హైట్ 1.7 అలాగే.

ఏ4లో 11 పేజీలు వచ్చింది. ఏ కార్డూ విరగలేదు.

మొత్తం: 37 గంటలు. లేఅవుట్ సీఎస్ఎస్ 91 లైన్లు, అందులో ప్రింటుకు 19. మీడియా క్వెరీలు 2: ఫిల్టర్లను పక్కకు పెట్టడానికి ఒకటి, ప్రింటుకు ఒకటి. లోపాలు 0.

జూన్ 10, మంగళవారం: వదిన కొత్తగా 3 రకాలు ఎక్కించింది. మొత్తం 89. లాప్‌టాప్‌లో 29 నిండు వరసలు, చివర రెండు కార్డులు, వాటి పక్కన ఒక ఖాళీ చోటు. ఆ రెండూ తక్కినవాటి సైజులోనే ఉన్నాయి. సీఎస్ఎస్ ఫైల్ తెరవలేదు.